శ్రమదానం: శ్రమ ఎవరిది? దానం ఎవరిది?

తొలకరి పడిందంటే చాలు, మా ఆఫీసుకి ఉత్తరాలు రావడం మొదలవుతుంది. ఇప్పుడు ఉత్తరాల బదులు ఫోన్లు, వాట్సాప్ సందేశాలు వస్తున్నాయి గానీ విషయం మాత్రం పెద్దగా మారలేదు. "ఫలానా రోజున చెరువు బాగుచేసే కార్యక్రమం పెట్టుకున్నాం, మీ సంఘాల నుంచి ఓ యాభై మంది మహిళల్ని పంపించగలరు." ఈ ఏడాది వచ్చిన ఒక విజ్ఞప్తి ఇంకాస్త వివరంగా ఉంది. నాలుగు రోజుల పని. చెరువు శిఖంలో పెరిగిన సర్కారు తుమ్మ కంప కొట్టెయ్యాలి. నీళ్ళమీద పరుచుకున్న గుర్రపుడెక్క తీసెయ్యాలి. కట్టుకాలువలో పూడిక ఎత్తిపొయ్యాలి. చివరి రోజున గట్టు మీద మొక్కలు నాటాలి. చెరువు బాగుపడితే పక్షులు మళ్ళీ వస్తాయని, ఊరి బావుల్లో నీటిమట్టం పెరుగుతుందని రాశారు. వచ్చినవాళ్ళకి టోపీలు, మజ్జిగ, మధ్యాహ్నం పులిహోర ఇస్తామన్నారు. కూలి ప్రసక్తి లేదు. ఇది స్వచ్ఛంద సేవ కదా!

ఆ కాగితం మా సంపాదకవర్గ సమావేశంలో చదివినప్పుడు పెద్ద వాదనే జరిగింది. మాలో అందరికంటే చిన్నదైన మిత్రురాలు 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కూల్చడానికి యంత్రాలు దిగినప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి నిలబడ్డ మనిషి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించేదాకా ఆమె సరిగా నిద్రపోలేదు. "చెరువు కోసం, చెట్టు కోసం నాలుగు రోజులు ఇవ్వడానికి కూడా లెక్కలు వేసుకుంటామా? అన్నిటికీ కూలి కట్టమంటే ఇక ఉద్యమం అనే మాటకి అర్థమేముంది?" అని ఆమె బాధగానే అడిగింది. ఇరవై ఏళ్ళుగా దళిత మహిళా కూలీల సంఘాలతో పనిచేస్తున్న అక్క ఒకరు ఆమె వంక చూసి, "నువ్విచ్చేది నీ ఆదివారమమ్మా. వాళ్ళిచ్చేది ఆ పూట కూలి" అన్నారు.

ఇద్దరి మాటా కొట్టిపారేయలేనిదే. ఈ సంపాదకీయం ఆ వాదనలోంచే వచ్చింది.

శ్రమదానం అనే మాట మనకి కొత్తది కాదు. 1950లలో సమాజాభివృద్ధి పథకాల కాలం నుంచీ రోడ్లకీ, బడులకీ, చెరువులకీ ఈ మాట వాడుతూనే ఉన్నారు. మన తరానికి అది బాగా పరిచయమైంది మాత్రం 1997 జనవరిలో మొదలైన జన్మభూమితో, ఆ తర్వాత 2000 మే నెలలో వచ్చిన నీరు-మీరుతో. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఎన్.ఎస్.ఎస్. తరఫున మమ్మల్ని బస్సులో ఒక ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. మా చేతులకి తట్టలిచ్చారు. వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. అరగంట మట్టి మోశాం. ఆ తర్వాత మేం చెట్టు కింద కూర్చుని భోజనాలు చేస్తుంటే, ఆ తట్టలు అప్పటిదాకా గట్టు అవతల నిలబడి చూస్తున్న ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. సాయంత్రందాకా మోసింది వాళ్ళే. మాకు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ ఆడవాళ్ళెవరు, వాళ్ళకి ఆ రోజు ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని నేను ఎవర్నీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాత పరిశోధన కోసం ఊళ్ళలో తిరిగినప్పుడు అర్థమైన సంగతి ఒకటుంది. "ఇంటికొక మనిషి" అని దండోరా వేసినప్పుడు ప్రతి ఇంటి నుంచీ ఒకే రకమైన మనిషి రాడు. భూమున్న ఇంటి నుంచి వచ్చేది ఆ ఇంటి జీతగాడు, లేదా ఆ రోజుకి కూలి ఇచ్చి పంపిన మనిషి. భూమి లేని ఇంట్లో మగవాడు వలస వెళ్ళి ఉంటాడు, లేకపోతే బయట కూలి దొరికే పనికి పోతాడు. కూలి లేని పనికి ఆడమనిషి వస్తుంది. కాబట్టి ఊరంతా కలిసి దానం చేసినట్టు కనిపించే పనిలో నిజంగా దానం చేసేది భూమిలేని ఇళ్ళ ఆడవాళ్ళే. చెరువు నిండితే పండేది ఎవరి పొలం? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళది. 1997లోనే మన రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకిచ్చే చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టు భూమిని బట్టి వచ్చింది. భూమి పట్టా ఎక్కువగా మగవాళ్ళ పేరు మీదే ఉంటుంది గనక, తట్ట మోసిన మనిషికి తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పే హక్కు లేకుండా పోయింది. ఆ చెరువులో బట్టలుతుక్కునే, పశువుల్ని తోలుకెళ్ళే, గట్టు మీద గడ్డి కోసుకునే మనిషి నీటి వినియోగదారుల లెక్కలోకే రాలేదు.

ఇది కేవలం చెరువుల కథ కాదు. స్త్రీల సమయానికి విలువ లేదనే నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలబడి ఉంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో, కూలి లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారనీ, ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలే గడుపుతున్నారనీ తేలింది. మగవాళ్ళలో అసలు ఆ పని ముట్టుకునేవాళ్ళే తక్కువ అన్నది వేరే సంగతి. ఇంటిపని, బతుకుతెరువు పని కాకుండా ఊరి పని అనే మూడో బరువు కూడా స్త్రీల మీదే పడుతుందని కారొలీన్ మోజర్ 1980ల చివర్లోనే రాసింది. పర్యావరణ పరిరక్షణ వచ్చి ఆ మూడో బరువులో చేరింది. పైగా దానికొక సిద్ధాంతం కూడా దొరికింది. స్త్రీలు ప్రకృతికి దగ్గరివాళ్ళు, పెంచి పోషించే గుణం వాళ్ళకి సహజం, అడవిని తల్లిలా చూసుకుంటారు అని. 1988లో వందనా శివ పుస్తకం వచ్చాక ఈ వాదన మన స్వచ్ఛంద సంస్థల కరపత్రాల్లో కూడా బాగా కనిపించింది. 1992లో బీనా అగర్వాల్ దీనికి జవాబు చెప్పింది. స్త్రీకీ అడవికీ ఉన్న సంబంధం ఆమె స్వభావంలోంచి వచ్చింది కాదు. వంటచెరకు, గడ్డి, నీళ్ళు తేవాల్సిన పని ఆమెకు అప్పగించిన శ్రమ విభజనలోంచి, ఆమెకి సొంత ఆస్తి లేకపోవడంలోంచి, వర్గం కులం లోంచి వచ్చింది అని. నేను ఈ రెండో వాదన వైపే ఉన్నాను. తల్లి గుణానికి ఎవరూ కూలి ఇవ్వరు గదా!

మన దగ్గర ఈ విషయం అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది వన సంరక్షణ సమితుల్లో. 1990 జూన్‌లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యం గురించి సర్క్యులర్ ఇచ్చింది. 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. క్షీణించిన అడవిని ఊరివాళ్ళే కాపాడి తిరిగి పెంచాలి, ఫలసాయంలో వాటా పొందాలి. ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే రాష్ట్రంలో వేల సమితులు ఏర్పడ్డాయి. కాగితం మీద చూస్తే స్త్రీల విషయంలో మన రాష్ట్రం ముందే ఉంది. ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ. 2002 తర్వాత సముదాయ అటవీ యాజమాన్యం అని పేరు మార్చినప్పుడు కార్యవర్గంలో సగం స్థానాలు స్త్రీలకి అన్నారు.

2004లో పిహెచ్.డి. పని మీద విశాఖ ఏజెన్సీలో ఒక ఊళ్ళో నేను కొన్ని నెలలున్నాను. సమితి మినిట్స్ పుస్తకం చూపించమంటే సెక్రటరీ సంతోషంగా తెచ్చి ఇచ్చాడు. హాజరైన మగవాళ్ళ పేర్లన్నీ వరసగా, తండ్రి పేర్లతో సహా రాసి ఉన్నాయి. కింద ఒకే ఒక్క లైను: "స్త్రీలు 30." ముప్ఫై మంది ఎవరో తెలియదు. కొన్ని పేజీల్లో వేలిముద్రలున్నాయి. ఎవరివని అడిగితే "ఆడోళ్ళయండీ" అన్నాడు. ఏం తీర్మానం మీద వేశారని ఆ ఆడవాళ్ళనే అడిగాను. "మీటింగవుతంది రమ్మన్నారు, ఎల్లాం. యేలెయ్యమన్నారు, ఏసినాం" అంది ఒకామె. తీర్మానం ఏమిటంటే, సమితికి అప్పగించిన కొండమీద ఐదేళ్ళపాటు ఎవరూ కట్టెలు కొట్టకూడదు, పశువుల్ని తోలకూడదు.

కొండ మూశాక పొయ్యి ఆగదు కదా. కట్టెల కోసం ఆడవాళ్ళు పక్క ఊరి కొండకి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడా ఒక సమితి ఉంది. అక్కడి ఆడవాళ్ళే వీళ్ళని పట్టుకుని కత్తులు లాక్కున్నారు. "మా కొండ మేం కాత్తన్నాం తల్లీ, ఆళ్ళ కొండ ఆళ్ళు కాత్తన్నారు. మరి కట్టెలెక్కడ తెచ్చుకుంటాం, ఏటి వండుకుంటాం?" అని నన్నడిగింది ఒక పెద్దామె. నా దగ్గర జవాబు లేదు. నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్నకి గడి కూడా లేదు. రాత్రి కాపలాకి ఇద్దరు మగవాళ్ళకి సమితి నిధి నుంచి నెలకింత అని ఇస్తున్నారు. పగటిపూట అడ్డాకులకి, చీపుళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు వస్తూ పోతూ చూసేది కాపలా కిందికి రాలేదు. గొడ్డలి చప్పుడు వినబడితే వెళ్ళి ఆపిందీ, ఎండాకాలంలో మంట కనబడితే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పిందీ ఆ ఆడవాళ్ళే. అది "సహకారం" అట.

ఏ మొక్క నాటాలో కూడా వాళ్ళని అడగలేదు. ఆడవాళ్ళని అడిగితే చింత, ఇప్ప, కుంకుడు, కరక్కాయ, ఉసిరి అంటారు. ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఏరుకుని సంతలో అమ్ముకోవచ్చు, లేదా గిరిజన సహకార సంస్థకి తూకం వెయ్యొచ్చు. చాలాచోట్ల వచ్చింది మాత్రం జామాయిల్. దాని ఆకు మేక తినదు, దాని కింద గడ్డి సరిగా మొలవదు, కొట్టి అమ్మిన నాడు డబ్బు సమితి ఖాతాలో పడుతుంది. ఖాతా నడిపేది ఎవరో చెప్పక్కర్లేదు. మరికొన్ని చోట్ల సమితి మొక్కలు నాటింది అప్పటిదాకా గిరిజన కుటుంబాలు పోడు చేసుకుంటున్న భూమిలో. జొన్న, సామ, కంది పండించుకునే చెలకలో గుంటలు తవ్వించి, ఆ భూమి సాగుచేసిన ఆడమనిషి చేతే మొక్క పెట్టించారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక పోడు భూముల్లో మొక్కల వల్ల జరిగిన ఘర్షణలు మన పాఠకులకి తెలిసినవే. అక్కడ కూడా గుంటలకి అడ్డంగా ముందు నిలబడింది ఆడవాళ్ళే. అటు నాటే చేతులూ వాళ్ళవే, ఇటు అడ్డుకునే చేతులూ వాళ్ళవే అయినప్పుడు, స్త్రీలు పర్యావరణానికి అనుకూలమా వ్యతిరేకమా అనే ప్రశ్నే తప్పు. భూమి ఎవరి చేతిలో ఉంది అని అడగాలి.

ఇక్కడ 2006 అటవీ హక్కుల చట్టం గురించి చెప్పుకోవాలి. అందులో వ్యక్తిగత పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని ఉంది. ఊరు ఆనవాయితీగా కాపాడుకుంటూ వస్తున్న సామూహిక అడవిని రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు ఊరిదేనని ఉంది. ఈ మాటని మనం ఇంకా సరిగా పట్టించుకోలేదనిపిస్తుంది. అడవిని తిరిగి పెంచడం ఎవరో పిలిస్తే చేసే సేవ అని కాక, ఊరికున్న హక్కు అని చట్టంలో రాసి ఉంది. హక్కుల కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలి. 2012 సవరణ తర్వాత గ్రామసభ కోరంలో కూడా మూడోవంతు స్త్రీలు లేకపోతే ఆ సభ చెల్లదు. అయితే మన రాష్ట్రంలో ఏం జరిగింది? చట్టం గ్రామసభకి ఇచ్చిన సామూహిక హక్కు పత్రాల్ని చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేర రాసిచ్చారు. "స్త్రీలు 30" అని రాసుకున్న ఆ పుస్తకాల సమితులకే! దీన్ని చట్టవిరుద్ధమని అప్పుడే ఎంతోమంది ఎత్తిచూపారు. మీరు పనిచేసే ఊళ్ళో ఈ పత్రం ఎవరి పేర ఉందో ఒకసారి చూడండి. గ్రామసభ పేర మార్పించడానికి ఇంకా ఎన్నో చోట్ల ప్రయత్నమే జరగలేదు.

స్త్రీల మాట చెల్లితే అడవికి మేలు జరుగుతుందా అని అడిగేవాళ్ళున్నారు. మేలు జరగకపోయినా స్త్రీల హక్కు స్త్రీల హక్కే, అది వేరే సంగతి. అయినా జవాబుంది. బీనా అగర్వాల్ గుజరాత్‌లోనూ నేపాల్‌లోనూ సామూహిక అడవుల సంఘాల్ని పరిశీలించి 2010లో పుస్తకం ప్రచురించింది. కార్యవర్గంలో స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట అడవి బాగా కోలుకుంది. నేపాల్‌లో అందరూ స్త్రీలే ఉన్న సంఘాలకి ఇచ్చినవి చిన్న చిన్న, బాగా పాడైపోయిన అడవి ముక్కలు. అయినా అవే మెరుగ్గా పెరిగాయి. ఒకరిద్దరు స్త్రీలు కూర్చుంటే తేడా రాదు, పావువంతు నుంచి మూడోవంతు దాకా ఉంటేనే వాళ్ళు నోరు విప్పుతారు అని కూడా ఆమె చెప్పింది. సంఘాల్లో పనిచేసిన మనకి ఇది పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన విషయమేమీ కాదు!

గోదావరి ముఖద్వారంలో కోరంగి మడ అడవుల సంగతి ఇంకో రకం. అక్కడ నరికేసిన చోట నేల ఎండకి ఆరి, కుంగి, పల్లంగా మారుతుంది. పోటుకి లోపలికొచ్చిన నీరు పాటుకి వెనక్కి పోలేక నిలిచి ఆవిరవుతుంది. ఉప్పు పేరుకుపోయి ఇక విత్తనం పట్టదు. అందుకని చేపముల్లు ఆకారంలో పెద్ద కాలవకి రెండు వైపులా చిన్న కాలవలు తవ్వి, పోటుపాట్ల నీరు ఆడేలా చేసి, తెల్ల మడ, నల్ల మడ మొక్కలు నాటుతారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరం ఊళ్ళవాళ్ళు కలిసి 1990ల చివరి నుంచి ఈ పద్ధతిలో గోదావరి, కృష్ణా డెల్టాల్లో పనిచేశారు. మొక్క నాటడం కంటే ముందు నీళ్ళకి దారి చెయ్యాలన్న ఈ తెలివి మనం అన్నిచోట్లా నేర్చుకోవలసింది. పోటు ఎంతదాకా వస్తుందో, ఏ మూల ఉప్పు తేలుతుందో తీరం మనుషులకి చెప్పక్కర్లేదు. ఇక్కడ వాళ్ళిచ్చేది ఒంటి బలం ఒక్కటే కాదు. కానీ లెక్క రాసేటప్పుడు శాస్త్రం సంస్థది, శ్రమ ఊరిది అవుతుంది. వంటచెరకు ఆ మడల్లోంచే తెచ్చుకునే ఆడవాళ్ళు, మడ తిరిగి పెరిగినంత కాలం పొయ్యిలోకి ఏం పెట్టారన్న ప్రశ్న ఇక్కడా అలాగే ఉంది.

అదే తీరంలో 2020లో కాకినాడ పక్కన మడ అడవిని పేదల ఇళ్ళస్థలాల కోసం పూడ్చారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టింది. ఆ పథకంలో పట్టాలు స్త్రీల పేరు మీద ఇచ్చేవారు. ఏళ్ళ తరబడి మనం అడుగుతున్న పట్టా, తుపానుకి అడ్డం నిలిచే అడవి మీద! 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ, కాకినాడ జనానికి మడ అంటే ఏమిటో తెలుసు. ఇల్లు కావాలా, మడ కావాలా అని పేద స్త్రీని అడిగే పరిస్థితి తెచ్చినవాళ్ళు ఎవరు? దీని మీద మన సంఘాలు అప్పుడు గట్టిగా మాట్లాడలేదు. పట్టా మన డిమాండు గనక నోరు పెగల్లేదు. ఈ మాట నాకూ వర్తిస్తుంది.

అయితే దానం అనేదే లేదా? స్త్రీలు మనసారా ఇచ్చేది ఏదీ లేదా? ఉంది. 1974 మార్చి 26న రేణి ఊళ్ళో మగవాళ్ళు లేని రోజు చూసి చెట్లు కొట్టడానికి కాంట్రాక్టరు మనుషులు వస్తే గౌరాదేవి, ఆమెతో ఇంకో పాతిక మందికి పైగా ఆడవాళ్ళు అడవిలోకి నడిచి చెట్లకి అడ్డం నిలబడ్డారు. వాళ్ళనెవరూ పంపలేదు, వాళ్ళ అడవి గనక వెళ్ళారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఊరి బంజర్లలో చెట్లు పెంచారు, బీడు చెలకల్ని బాగుచేసుకున్నారు, విత్తనాలు దాచుకున్నారు. 2019లో వాళ్ళకి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ పనికి ముందు సంఘం కూర్చుంది. ఏ చెట్టు కావాలో స్త్రీలే చెప్పారు. వేపా, చింతా, నేరేడూ వాళ్ళ లెక్కలోంచి వచ్చినవి. కెన్యాలో వంగారి మాతాయి 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో బతికిన ప్రతి మొక్కకీ స్త్రీలకి కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు. డబ్బు పుచ్చుకున్నందుకు వాళ్ళు ఉద్యమకారులు కాకుండా పోలేదు, నియంతని ఎదిరించి నిలబడ్డారు కూడా. మన దగ్గర 2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు జరిగిన మేలు కూడా ఇదే. అంతకుముందు శ్రమదానమన్న చెరువు పూడికా, కందకమూ, మొక్కా అన్నిటికీ స్త్రీ పురుషులకి సమానంగా కూలి కట్టారు. ఐదుగురు పసిపిల్లలు పనిచోటికి వస్తే వాళ్ళని చూసుకునే మనిషికి కూడా కూలి ఇవ్వాలని ఆ చట్టంలో రాశారు. (అమలు ఎంత మాత్రం జరిగిందో మళ్ళీ వేరే చెప్పుకోవాలి.) కూలి ఇచ్చినందుకు చెరువులు చెడిపోలేదు.

ఈ మధ్య చూసిన ఇంకో దృశ్యం. నగరంలో ఒక చెరువు దగ్గర ఆదివారం పొద్దున ఉద్యోగస్తులు, విద్యార్థులు చేతులకి తొడుగులేసుకుని ప్లాస్టిక్ ఏరారు. వాళ్ళ మీద నాకు గౌరవమే, పొద్దున్నే లేచి ఆ పని చెయ్యడం తేలిక కాదు. సోమవారం పొద్దున ఆ సంచులన్నీ ఎత్తి బండిలో వేసింది పారిశుధ్య కార్మికులు, అందరూ స్త్రీలే, తొడుగులు లేవు. ఒకే చెత్త. ఆదివారం ముట్టుకున్నవాళ్ళు వాలంటీర్లు, సోమవారం ముట్టుకున్నవాళ్ళు లేబరు. పేర్ల సంగతి వచ్చింది గనక ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో మరణించిన వనజీవి రామయ్యగారు కోటి మొక్కల మనిషిగా 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రేమకి చేతులెత్తి మొక్కాలి. ఆ మొక్కల వెనక ఆయన భార్య జానమ్మగారి నడక కూడా ఉంది. ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక ఆ విజ్ఞప్తి సంగతి. పంపమని ఒకరు, వద్దని ఒకరు వాదించిన తర్వాత మేం ముందు ఆ ఊరి సంఘం ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. చెరువు బాగుపడాలని వాళ్ళకీ ఉంది. గుర్రపుడెక్క తీయడానికి, కట్టుకాలువ పూడిక తీయడానికి సిద్ధంగానే ఉన్నారు. కంప దగ్గర మాత్రం ఆగిపోయారు. "కంప మొత్తం పీకితె మరి పొయ్యిల ఏం పెట్టాలె?" అన్నారు. సర్కారు తుమ్మ మంచి చెట్టు కాదు, నీళ్ళు తాగుతుంది, గడ్డిని బతకనివ్వదు, పక్షుల చోటు ఆక్రమిస్తుంది. పర్యావరణవేత్తలు చెప్పేది నిజమే. కానీ భూమిలేని ఇళ్ళకి ఏడాది పొడుగునా పొయ్యి వెలిగిస్తున్నది ఆ ముళ్ళ చెట్టే. గ్యాసు బండ ఉంది గానీ నింపించడానికి ప్రతిసారీ డబ్బుండదు. ఇది మా సంపాదకవర్గంలో ఎవరికీ తట్టలేదు, కూలి గురించి వాదించుకున్నాం గానీ కంప గురించి ఎవరం మాట్లాడలేదు.

వాళ్ళతో కూర్చునే జవాబు రాశాం. కంపని మూడేళ్ళలో మూడు భాగాలుగా తియ్యాలి, కొట్టిన కట్టె భూమిలేని ఇళ్ళకే పంచాలి. ఖాళీ అయిన చోట తంగేడు, కానుగ, నల్లతుమ్మ, గడ్డి రావాలి, వాటి కొమ్మా మేతా కోసుకునే హక్కు సంఘానికి పంచాయతీ తీర్మానంతో రాసివ్వాలి. పూడిక పనికి కూలి కట్టాలి. చివరి రోజు మొక్కలు నాటే పని మాత్రం శ్రమదానమే, దానికి ఆయకట్టు ఇళ్ళ మగవాళ్ళు కూడా తమ జీతగాళ్ళని కాక స్వయంగా రావాలి. హాజరు పుస్తకంలో అందరి పేర్లూ, ఇంటిపేర్లతో సహా రాయాలి. ఈ చివరి షరతు పెట్టించింది మా చిన్న మిత్రురాలు. మొక్కలు నాటే రోజున తానూ వస్తానని చెప్పింది. కంప కొట్టే పని కూడా నేర్చుకుంటానంది గానీ, ఆ చేతుల్తో అది కుదరదని సంఘం ఆడవాళ్ళు నవ్వేశారు.

ఉత్తరం వెళ్ళి మూడు వారాలైంది. పులిహోర, మజ్జిగ ఏర్పాట్ల గురించి రెండుసార్లు ఫోన్ వచ్చింది. కట్టె పంపకం గురించి, తీర్మానం గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే సోమవారం సంఘం ఆడవాళ్ళే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి అడుగుతామన్నారు. వచ్చే సంచికలో దాని సంగతి రాస్తాం. మీ ఊళ్ళలో ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు మీరేం చేశారో, మినిట్స్ పుస్తకంలో ఎవరి పేర్లున్నాయో మాకు రాయండి.